మూడు పోగుల ధర్మము

రాజ్యములు చేతులు మారిన సంగతులు శాసనములందును, పన్నులు పెరిగిన సంగతులు దఫ్తరములందును నిలిచియున్నవి గాని, ఒక పొట్టేలు గొల్లవాని మందనుండి బయలుదేరి, అంగడి దాటి, ముసల్మాను ఇంటి గడప చేరి, ముల్లా చేతి కత్తికి లోబడి, మాంసమై పదియిండ్లకును తోలై పట్టణపు గోదామునకును పంపకమగు క్రమమును వ్రాసి పెట్టినవారు మన దేశమున మిక్కిలి అరుదు. పల్లె ఎట్లు బ్రతికినదో, అందు ఎవరికి ఎవరితో పని పడినదో, ఎవరి కడుపు ఎవరి చేతిమీదుగా నిండినదో తెలిసికొనగోరువారికి ఆ పొట్టేలు నడచిన త్రోవ ఎన్నో సంగతులు చెప్పగలదు. బక్రీదునాటి ఖుర్బానీని గూర్చి మాటలాడువారు సాధారణముగా కత్తినే తలంతురు. కత్తి పని క్షణములో ముగియును. దానికి ముందు ఏడాదిపాటు సాగిన పోషణమును, దాని తరువాత మూడు దినములు సాగు పంపకమును గ్రామజీవితమును అల్లిన దారములు. తెలంగాణము, రాయలసీమ, నెల్లూరు మండలముల పల్లెలలో ఈ ఆచారము ఏ రూపము దాల్చినదో, ఎవరెవరిని కలిపినదో, కాలక్రమమున ఏమి పోగొట్టుకొన్నదో నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఇబ్రాహీం ప్రవక్త దైవాజ్ఞకు తలయొగ్గి కన్నకుమారుని బలియీయ సిద్ధపడగా, ఆ కుమారునికి మారుగా పొట్టేలు లభించెనను వృత్తాంతమును స్మరించుచు ముసల్మానులు జిల్‌హజ్ మాసమున పదవనాడు ఈ పండుగ జరుపుదురు. దేవుడు కోరునది భక్తుని హృదయశుద్ధియే గాని జంతువుయొక్క రక్తమాంసములు గావని ఇస్లాము మొదటినుండియు బోధించుచున్నది. దేవునికి అక్కరలేని ఆ మాంసము మరి ఎవరిది అను ప్రశ్నకు ధర్మశాస్త్రము చెప్పిన సమాధానమునందే ఈ ఆచారముయొక్క ఆర్థికస్వరూపమంతయు ఇమిడియున్నది. క్రీ. శ. 632లో ముహమ్మదు ప్రవక్త తన కడపటి హజ్ యాత్రలో నూరు ఒంటెలను బలియిచ్చెననియు, అందు అరువదిమూడింటిని స్వహస్తముతో కోసి తక్కినవానిని అలీకి అప్పగించెననియు హదీసులు చెప్పుచున్నవి. ఆ సందర్భముననే మాంసమును, తోళ్ళను, ఒంటెలపై కప్పిన వస్త్రములను సైతము పంచిపెట్టుమనియు, కోసిన కసాయికి కూలిగా అందులోనుండి ఏమియు ఈయరాదనియు, అతని కూలి వేరుగా చెల్లింపవలయుననియు ఆయన ఆదేశించెను. మరియొక యేట ఆకలిగొన్న ఎడారివాసులు మదీనాకు వచ్చి చేరినప్పుడు ఖుర్బానీ మాంసమును మూడు దినములకు మించి దాచుకొనరాదని ఆంక్ష పెట్టి, ఆ అవసరము తీరిన పిదప ఆ ఆంక్షను తొలగించెను. కరువునాడు ఒక నియమము, కలిమినాడు మరియొక నియమము. రెంటికిని ఆకలియే కొలత.

ఈ మూలమునుండి పుట్టినదే మూడు పాళ్ళ సంప్రదాయము: ఒక పాలు ఇంటివారికి, ఒక పాలు బంధుమిత్రులకు, ఒక పాలు పేదలకు. ఇట్లు పంచుట మేలని శాస్త్రజ్ఞులు చెప్పిరి; కొందరు గృహస్థులు తమ పాలును సైతము పేదలకే ఇచ్చివేయుదురు. మన ప్రాంతమున అత్యధికులు అనుసరించు హనఫీ శాస్త్రము ప్రకారము నిర్ణీతమైన కలిమి గలవానికే ఖుర్బానీ విధి. లేనివానికి ఆ భారము లేదు. గ్రుడ్డిది, కుంటిది, రోగగ్రస్తమైనది, ఎముకలు తేలినది పనికిరాదు. మేకకు ఏడాది నిండవలయును. గొఱ్ఱె ఆరు నెలలదైనను ఏడాది జీవమువలె పుష్టిగా కనిపించినచో చెల్లును. గ్రామములకు సంబంధించిన విశేషమొకటి కలదు: పట్టణమున ఈద్ నమాజు ముగియువరకు కత్తి పట్టరాదు గాని, ఆ నమాజు జరుగని కుగ్రామమున తెల్లవారిన వెంటనే ఖుర్బానీ చేయవచ్చునని ఆ శాస్త్రమే అనుమతించినది. నమాజుకై పొరుగూరి ఈద్గాకు నడచిపోవలసిన పల్లెవాసి కష్టమును ఆనాటి ధర్మవేత్తలు ఎరుగని వారు గారు.

తెలుగుదేశమునకు ఇస్లాము ఒక్క త్రోవను రాలేదు. సూఫీ గురువులతో కొంత, తీరపు వర్తకులతో కొంత, 1347లో బహమనీ రాజ్యము వెలసిన తరువాత సైన్యములతోను ఉద్యోగులతోను మరికొంత వచ్చి, గోలకొండ సుల్తానుల కాలమునకు అది పల్లెలయందు స్థిరపడినది. పల్లెలలో నిలిచిన ముసల్మానులలో అధికసంఖ్యాకులు దూది ఏకువారు, గాజులమ్మువారు, బండ్లు తోలువారు, చిన్న కమతముల రైతులు. దూదేకుల కుటుంబములలో ఇంటిభాష తెలుగే. పండుగనాటి దువా అరబ్బీలో చదివినను, మాంసమును పోగులు వేయునప్పుడు పలుకు మాట తెలుగుమాటయే. ఈ ప్రాంతపు ముసల్మానుల ఆచారములను సమగ్రముగా వర్ణించిన తొలి గ్రంథములలో ముఖ్యమైనదియు మన ఏలూరు ప్రాంతీయుని కృషియే. జాఫర్ షరీఫ్ అను ఆ పండితుడు దక్కనీ భాషలో వ్రాసిన కానూనె ఇస్లాంను మద్రాసు కొలువులోని వైద్యుడు హెర్‌క్లాట్స్ ఆంగ్లీకరించగా, అది 1832లో లండనులో అచ్చయినది. పుట్టుక మొదలు మరణమువరకు గల సంస్కారములును, ఏడాది పొడవున వచ్చు పండుగలును అందు వర్ణితములు. బిడ్డ పుట్టిన ఏడవనాడు పుట్టువెంట్రుకలు తీయించి, మగబిడ్డకు రెండు జీవములను, ఆడబిడ్డకు ఒకదానిని కోసి పంచు అఖీఖా ఆచారము అట్టివానిలో ఒకటి. ఆ మాంసమును తలిదండ్రులు ముట్టక ఇరుగుపొరుగులకే పెట్టు వాడుకయు దక్కనులో ఉండెడిది. బిడ్డ పుట్టిన సంతోషమును ఊరు తినవలయునే గాని ఇల్లు తినరాదని దాని భావము కాబోలు.

ఇక పొట్టేలు ఎక్కడినుండి వచ్చినది? కోయువాడు ముసల్మానైనను పెంచువాడు గొల్ల, లేక కురుమ. మందలో ఆడుజీవములు పిల్లలకొరకు నిలుచును. పోతులు మాత్రము రెండుమూడు చాలును. తక్కిన పోతుపిల్లలన్నియు మేతకు భారమే గనుక వానిని అమ్మినగాని కాపరికి పైకము కంటబడదు. కాపరికి దినదినము గిట్టుబాటగునది రైతు చేలో మంద కట్టి ఎరువు వేసినందుకు వచ్చు గింజలు, కురుమలకైతే నల్లని దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగళ్ళు. రొక్కము రావలయునన్న పోతులే అమ్ముడుపోవలయును. జాతరలలో అమ్మవారికిని, పెండ్లిళ్ళలో విందులకును, బక్రీదులో ఖుర్బానీకిని ఆ పోతులు పోయెడివి. వీనిలో బక్రీదునకు ఒక ప్రత్యేకత కలదు: లోపములేని, వయసు నిండిన, చూడముచ్చటైన జీవమే కావలయుననుటవలన కాపరి శ్రద్ధకు అక్కడ తగిన వెల దొరకెడిది. నెల్లూరు జాతి పొట్టేళ్ళు, అందు తెల్లని పల్ల, మూతికిని కన్నులకును నల్లమచ్చలు గల జోడిపి, ఎఱ్ఱని డోర, దేశమునందలి గొఱ్ఱెలన్నింటిలో ఎత్తైనవి. పండుగ బేరములో వానికి గల గౌరవమును తీరపు కాపరులు చక్కగా ఎరుగుదురు.

ముసల్మానుల చాంద్రమానపు ఏడాదికి 354 దినములే గావున బక్రీదు ప్రతియేట పది పదునొకండు దినములు ముందునకు జరిగి, ముప్పదిమూడేండ్లకు ఋతుచక్రమునంతయు చుట్టివచ్చును. 1991లో జూను మాసమున వచ్చిన పండుగ మరల 2024లో జూనులోనే వచ్చినది. ఈ సంచారము కాపరి జీవితముపై చూపు ప్రభావము సామాన్యము గాదు. ఎండకాలమున పండుగ వచ్చినచో, గడ్డి మాడి, మందలను కృష్ణా గోదావరీ పరీవాహకములకు తోలుకొనిపోయి మేపుకొను దినములలో, పోతులను వదిలించుకొనుటయే కాపరికి మేలు. ఆ రొక్కముతో మేతచేలకు పైకము కట్టి తల్లిజీవములను బ్రతికించుకొనగలడు. వానలు పడి పసరిక మొలచిన తరువాత వచ్చినచో, జీవము కండపట్టి ఉండును గనుక వెల హెచ్చును. ఒక తరము కాపరి తన జీవితకాలములో ఈ రెండు స్థితులను చూచును. తండ్రి నేర్పిన లెక్క కొడుకు నాటికి తారుమారగును. ఆ చాంద్రమాన పంచాంగమును ముసల్మానులతోపాటు గొల్లలును లెక్కపెట్టుకొనుటకు కారణమిదియే.

మంద లేనివారికిని ఇందు పాలు కలదు. జీవము గలవాడు ఒక మేకను పేదరాలికి పాలికిచ్చును. ఆమె చేలగట్లమీద మేపి, ఈనిన పిల్లలలో సగము తాను ఉంచుకొని సగము యజమానికి ఇచ్చును. తన పాలికి వచ్చిన పోతుపిల్లను చింతాకు, తుమ్మకాయలు, ఇంటి కుడితితో పెంచి పండుగకు అమ్మిన విధవరాలికి ఏడాదిలో ఒక్కసారి చేతనిండ రొక్కము కంటబడునది ఆనాడే. భూమిలేని స్త్రీకి పొదుపు అనదగినది ఆ గుంజకు కట్టిన జీవమే.

బక్రీదునకు ముందటి వారపు అంగడిలో ఈ వ్యవహారమంతయు కంటికి కట్టును. కొనువాడు మొదట జీవము నోరు తెరచి పళ్ళు చూచును. పాలపళ్ళు రాలి రెండు పెద్దపళ్ళు వచ్చినచో వయసు నిండినట్లు నమ్మకము. తరువాత నడిపించి కుంటు చూచును, చెవులు చూచును, కొమ్ము మొదలు తడిమి చూచును, వెన్నుపూసపై బొటనవ్రేలు అదిమి కండ యెంతయో తెలిసికొనును. బేరము మాత్రము నోటితో సాగదు. దలాలు తన భుజముమీది తువ్వాలును చేతులపై కప్పగా, దాని మాటున కొనువాని వ్రేళ్ళు అమ్మువాని వ్రేళ్ళను పట్టుకొని ధర చెప్పును. పట్టుకొన్న వ్రేళ్ళెన్నో ధర అంత. చుట్టు నూరుమంది నిలిచినను ఆ ఇరువురికిని దలాలుకును తప్ప ధర ఎవరికిని తెలియదు. ఇందువలన ఒకనికి పడిన ధర మరియొకని బేరమును చెడగొట్టదు. అప్పులవాడు తక్కువకు అమ్ముకొన్నను నలుగురిలో పరువు పోగొట్టుకొనడు. తల అడ్డముగా ఊపుటలు, చేయి విదిలించుటలు ముగిసి, తువ్వాలు తొలగినప్పుడు బేరము కుదిరినట్లే. కొన్నవాడు జీవమును పండుగకు కొన్ని దినములు ముందుగనే ఇంటికి తోలుకొనిపోయి, పిల్లలచేత మేపించి, తనచేతితో నీళ్ళు త్రాపించును. మమకారము కలిగిన జీవమునే సమర్పింపవలయునను భావము ఆ ఆచారమునకు మూలము.

పండుగనాడు ఈద్గా నుండి మరలివచ్చిన పిదప ముల్లా ఇంటింటికి తిరుగును. పెక్కు పల్లెలకు ఒకే ముల్లా ఉండుటయు కలదు. అట్టిచోట ఖుర్బానీకి గల మూడు దినముల గడువు అతనికిని గృహస్థులకును ఉపకరించును. జీవమునకు నీళ్ళు త్రాపి, ఖిబ్లా, అనగా మక్కా, దిక్కునకు త్రిప్పి పరుండబెట్టి, దైవనామము నుచ్చరించి కోయును. అటుపిమ్మట వాకిట తాటాకు చాపయో, నేడైతే ప్లాస్టిక్ పరదాయో పరచి పోగులు వేయుట ప్రారంభమగును. ఇచ్చట ఇంటి పెద్ద చూపు నిశితముగా ఉండును. మెత్తని కండయంతయు ఒక పోగులోను ఎముకలన్నియు మరొక పోగులోను పడరాదు. తొడమాంసము, ప్రక్కటెముకలు, కాలేయము, క్రొవ్వు మూడింటను సమముగా పడవలయును. తక్కెడ ఉన్న ఇంట తక్కెడతో, లేని ఇంట కంటిచూపుతో సరిచూతురు. పేదల పోగును మొదట పంచి తన పోగును కడపట ముట్టు వాడుక మంచి గృహములలో ఉన్నది. దానిని చిన్నచిన్న పొట్లములుగా కట్టి, బడిపిల్లలచేత మొదట విధవల ఇండ్లకు, పిదప ఖుర్బానీ చేయజాలని కుటుంబములకు పంపుదురు. ఆ పొట్లము పుచ్చుకొనుట యాచన గాదు. పుచ్చుకొనువారికి అది హక్కు, ఇచ్చువారికి అది విధి. మాంసము తినని స్నేహితుల ఇండ్లకు బియ్యము, బెల్లము, పండ్లు స్వయంపాకముగా పంపు వాడుకయు పలు పల్లెలలో ఉండెడిది. మిగిలిన ఇంటి పాలును ఉప్పు, పసుపు, కారము పట్టించి, పొడవుగా చీల్చి, దండెముమీద ఎండబెట్టి ఒట్టి తునకలుగా దాచుకొందురు. వానలు పట్టి కూలి దొరకని నాళ్ళలో గుప్పెడు తునకలు చింతపులుసులో పడినచో ఆ పూట గడచును.

ఈ పంపకమును అదే గ్రామమందలి మరియొక పంపకముతో పోల్చి చూచినగాని దాని విశిష్టత బోధపడదు. అమ్మవారి జాతరలో పొట్టేలును కోసినప్పుడు దాని అంగములకు హక్కుదారులు కలరు: తల ఒకరిది, కాళ్ళు మరొకరివి, తోలు ఇంకొకరిది. చాకలి, బైండ్ల, మాదిగ మొదలగువారు చేసిన సేవకు ఫలమే ఆ భాగము; ఊరి వృత్తులవారైన ఆయగాండ్ర వ్యవస్థలో మాంసము జీతముయొక్క ఒక రూపము. పొరుగునున్న మరాఠీ సీమలో ఊరి గొఱ్ఱెలను కోయు ముల్లా సైతము ఊరి సేవకులగు బలుతేదారులలో ఒకడై అట్టి హక్కునే అనుభవించెను. మన తెలంగాణమందును హిందువుల పెండ్లిలో యాటను, అనగా గొఱ్ఱెనో మేకనో, కోయుటకు, తమతోపాటు ముసల్మాను అతిథులును భుజింపవలయునను మర్యాదచే, ముల్లాసాబును పిలుచుటయు, అతనికి కొంత పైకమో, మాంసమో ముట్టజెప్పుటయు పరిపాటి. కాని అదే ముల్లా బక్రీదునాడు అదే కత్తితో కోసినను, ఆ జీవమునుండి కూలిగా ఒక్క తునక పుచ్చుకొనరాదు. కానుకగా ఇచ్చినచో తీసికొనవచ్చును గాని, కూలి రొక్కముగానే చెల్లవలయును. ఒకే ఊరిలో, ఒకే మనిషి చేతిమీదుగా, రెండు భిన్నమైన ఆర్థికనీతులు నడచినవి: ఒకదానియందు మాంసము పనికి ప్రతిఫలము, రెండవదానియందు మాంసము ఏ పనికిని ప్రతిఫలము కాజాలని దానము. వెలకును కూలికిని లొంగని భాగమొకటి గ్రామసంపదలో ఉండి తీరవలయునను ఈ నియమమే ఖుర్బానీ పల్లెకు ఇచ్చిన పెద్ద కానుక యని నా దృఢవిశ్వాసము.

ఈ రెండు నీతులును కలిసికొన్న చోటు కందూరు. దర్గాలో నిదురించు వలీకి, అనగా ముసల్మాను మహాత్మునికి, మ్రొక్కుకొని, కోరిక ఈడేరిన పిదప కుటుంబసమేతముగా పోయి, అక్కడ యాటను కోయించి, ఫాతిహా చదివించి, వచ్చిన వారికెల్ల వడ్డించు విందునకు తెలంగాణమున కందూరు అని పేరు. సూర్యాపేట జిల్లాలో పాలకీడు మండలమందలి జాన్‌పహాడ్ దర్గా, వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలమున అన్నారం షరీఫునందలి యాకూబ్ షావలి దర్గా, రంగారెడ్డి జిల్లాలో కొత్తూరు మండలపు ఇన్ముల్‌నర్వయందలి జహంగీర్ పీర్ దర్గా ఇందుకు ప్రసిద్ధములు. అనంతపురము జిల్లా నార్పల మండలములోని గూగూడు కుళ్ళాయిస్వామి సన్నిధిని మొహర్రంలో జరుగు ఉత్సవమునకును వేలకొలది హిందువులు వత్తురు. కందూరు చేయువారిలో రైతులు, లంబాడీలు, గొల్లలు, మాల మాదిగలు ఉందురు. కోయువాడు దర్గా సేవకుడైన ముజావరు, వండువారు భక్తులు, తినువారు అందరు. ఆ వలీల అనుగ్రహమున పుట్టితిరని నల్లగొండ సీమలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి యనియు, వరంగల్లు ప్రాంతమున యాకయ్య, యాకమ్మ యనియు, అనంతపురములో కుళ్ళాయప్ప యనియు హిందూ కుటుంబములు తమ బిడ్డలకు పేర్లు పెట్టుకొన్నవి. గ్రామచరిత్రకు ఇంతకంటె ప్రబలమైన సాక్ష్యము మరి వేరే శాసనమున వెదకనక్కరలేదు.

కందూరునాటి దర్గా ఆవరణమును దూరమునుండి చూచినచో ఒక తాత్కాలిక గ్రామము వెలసినట్లుండును. చెట్టు చెట్టునకును ఒక కుటుంబము; మూడు రాళ్ళ పొయ్యి; ఒక గుండిగలో బగారన్నము, మరొకదానిలో యాటకూర, చిన్న దాకలో తలకాయ కూర. వండిన అన్నములో ఒక పాలును, మలీదను, చక్కెరను, ఎండుకొబ్బరి కుడుకలను మజారు వద్దకు గొనిపోయి ఊదుపొగ నడుమ చదివింపులు చేయించి, తిరిగివచ్చి వడ్డనకు కూర్చుందురు. ఆ దారిని పోవు బైరాగియైనను, పొరుగు చెట్టు క్రింది అపరిచితుడైనను విస్తరి ముందు కూర్చున్నచో లేవనెత్తు అధికారము మ్రొక్కుకొన్నవానికి లేదు. ఈ ఒక్కదినపు గ్రామమును ఆశ్రయించి బ్రతుకు వృత్తులు పెక్కు: కట్టెలమోపు తెచ్చువారు, కుండలమ్ము కుమ్మరులు, విస్తళ్ళు కుట్టువారు, గుండిగలు కిరాయికిచ్చువారు, యాటలను కోసి ఒలిచిపెట్టువారు, పూలచాదరులు, అగరువత్తులు, బొరుగులు, మిఠాయిలు అమ్మువారు. జాన్‌పహాడులో శుక్రవారములందును, జనవరి మాసపు ఉర్సునందును చేరు జనసందోహమే చుట్టుపట్ల పల్లెల చిన్న వ్యాపారులకు ఏడాది ఆదాయములో ముఖ్యభాగము.

మాంసము ఊరిలోనే చెల్లిపోయినను తోలు ఊరు దాటి ప్రపంచమును చూచినది. పూర్వము గ్రామపు మాదిగలు లంద యను తొట్టిలో సున్నపునీట నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడుపట్టతోను కరక్కాయతోను పదునుచేసి, చెప్పులకు, మోటబొక్కెనలకు, పగ్గములకు తోళ్ళను సిద్ధముచేసెడివారు. పలుచని మేకతోలు డప్పునకు మూతయై పలికినది. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మయై తెరపై నిలిచి రామాయణము నాడినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇనుపదారులు పడిన పిమ్మట తోళ్ళు మద్రాసు వైపు ప్రవహించెను. వాణియంబాడి, ఆంబూరు, పెరియమేడు తోళ్ళ కార్ఖానాలలో తంగేడుపట్టతో పదునైన సరకు లండను వేలములకు పోయెను. 1876–78 నాటి ధాత కరువులో పశువులు మందలుగా చచ్చినప్పుడు తోళ్ళ ఎగుమతి పెరుగుట ఆ వ్యాపారపు దుఃఖమయమైన అధ్యాయము. 1919లో ప్రభుత్వము ముడితోళ్ళ ఎగుమతిపై నూటికి పదునైదు వంతున సుంకము విధించి దేశీయపు పదునుపరిశ్రమను నిలువబెట్టజూచెను. ఈ మహావ్యాపారమునకు పల్లెలోని కత్తితో సూటియైన సంబంధము కలదు: ఒలుచునప్పుడు తోలుకు గాటు పడినచో వెల సగమునకు దిగును. కావున చేయితిరిగిన కసాయికి గిరాకి. ఖుర్బానీ తోలును అమ్మి ఆ పైకమును గృహస్థుడు వాడుకొనరాదు. అమ్మినచో ఆ ధనము పేదలదే. ఈ నియమమువలన తోళ్ళు క్రమముగా మదర్సాలకును అనాథశరణాలయములకును చేరి, అక్కడి పిల్లల అన్నవస్త్రములకు ఏడాది ఆదాయములో చెప్పుకోదగిన భాగమయ్యెను. ఒక పల్లెలోని పది తోళ్ళు దూరపు పట్టణమున ఒక తలిదండ్రులు లేని బాలుని కొన్ని నెలలు చదివించినవనిన అది అతిశయోక్తి గాదు.

ఇరువదవ శతాబ్ది ఈ కట్టడిని పలుచోట్ల సడలించినది. ముల్లాలును ఖాజీలును అనుభవించుచుండిన ఇనాములపై 1955 నాటి హైదరాబాదు చట్టమును, 1956 నాటి ఆంధ్ర చట్టమును వచ్చినవి. వృత్తికి భూమియే ఆధారముగా ఉండిన ఏర్పాటు అటుపిమ్మట పూర్వమువలె నిలువలేదు. మరియొక ప్రక్క మతసంస్కర్తలు దర్గా మ్రొక్కులను ఆక్షేపించిరి. సమర్పణ ఏకేశ్వరునికే చెందవలయునని వారి వాదము. కోత దైవనామముననే జరుగుచున్నదనియు, పుణ్యమును మాత్రమే వలీకి అర్పించుచున్నామనియు దర్గా సంప్రదాయమువారు సమాధానము చెప్పిరి. ఈ వివాదమునందు తీర్పు చెప్పుట చరిత్రకారుని పని గాదు. కందూరు విస్తరి వద్ద కూర్చున్నవారిలో ఆకలిగొన్నవారు ఎందరో లెక్కించుట మాత్రము అతని పనియే. డెబ్బదుల దశకము మొదలు గల్ఫు దేశములకు వలసపోయిన కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాల యువకులు తమ ఖుర్బానీని సొంత ఊరిలో చేయించుటకు పైకము పంపిరి. ఒకని తరఫున మరియొకడు చేయుటకు శాస్త్రము సమ్మతించును గనుక, ఎడారిలో సంపాదించిన దీనారము పల్లెలోని పేదల పోగుగా మారినది. దూరదేశమున నున్నవానికి ఊరితో తెగని పేగు ఇది.

కాపరి స్థితియు మారినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము ఇరువది గొఱ్ఱెలను ఒక పొట్టేలును ఒక యూనిటుగా, 1,25,000 రూపాయల వ్యయములో నూటికి డెబ్బదియైదు వంతులు సబ్సిడీగా భరించి, గొల్ల కురుమలకు పంచు పథకమును ఆరంభించెను. 2019 నాటి పశుగణనలో దాదాపు 1.9 కోట్ల గొఱ్ఱెలతో తెలంగాణము దేశమున మొదటి స్థానమునను, 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశము రెండవ స్థానమునను నిలిచినవి. సంఖ్య పెరిగినను అంగడి పల్లెనుండి దూరమయినది. జీవములు లారీలలో హైదరాబాదు జియాగూడ మండీకి తరలిపోవుచున్నవి. తువ్వాలు మాటున జరిగిన బేరము టోకు దళారుల చేతికి పోయినది. తోలు ధర ఇటీవలి సంవత్సరములలో ఎంతగా పడిపోయినదనగా, సేకరించి ఉప్పు పట్టించుటకు అగు ఖర్చైనను రాక, కొన్నిచోట్ల తోళ్ళను పాతిపెట్టవలసిన దుర్గతి పట్టినది. కృత్రిమ తోలు సరకులును, మూతపడిన పదునుశాలలును అందుకు కారణములు. తోలుపై ఆధారపడిన మదర్సా బాలుని భోజనము ఆ మేరకు తగ్గినదని ఊరివారు గమనింపక పోవుట విచారకరము.

ఇన్ని మార్పుల నడుమను పెక్కు ఇండ్లలో చెక్కుచెదరక నిలిచినది పేదల పోగు ఒక్కటియే. ఖుర్బానీని సమర్థించువారును, విమర్శించువారును పరస్పరము వాదించుకొనుటకు ముందు దాని వలన పల్లెలో ఎవరి పొయ్యి వెలిగినదో విచారింపవలయును. పెంచిన గొల్ల హిందువు, కొన్న గృహస్థు ముసల్మాను, తోలు పదునుచేసినవాడు మాదిగ, విందు చేసిన మ్రొక్కుబడిదారు లంబాడీ. వీరిలో ఏ ఒక్కరిని తొలగించినను ఈ ఆచారము గ్రామమున సాగియుండెడిది గాదు. మతములు వేరైనను మేతబీడు, అంగడి, పొయ్యి ఒక్కటైనందున ఒకరి పండుగ మరియొకరి జీవనోపాధి అయినది. ఈ సంబంధమును ద్వేషముతో తెంచజూచువారు తాము ముసల్మానునే దెబ్బతీయుచున్నామని భ్రమింతురు గాని, ఆ దెబ్బ మొదట తగులునది పొట్టేలును పాలికి పెంచుకొను పేదరాలికి, మందతో ఊళ్ళు తిరుగు కాపరికి. అట్లే పండుగనాడు ఖరీదైన జీవమును ఊరేగించి గొప్పకు ఫొటోలు తీయించుకొని, మాంసమునంతయు శీతలపేటికలో దాచుకొను క్రొత్త ధనికుడు, తాను పాటించుచున్నాననుకొను ధర్మమునకే ద్రోహి యగుచున్నాడు. ఆకలిగొన్నవారు చేరువ నున్నంతకాలము దాచుకొనుట తగదని చెప్పిన ధర్మమది.

మన గ్రామచరిత్రలను వ్రాయబూనువారు దేవాలయ మాన్యములతోపాటు దర్గా ముజావరుల నోటిమాటలను, కులవృత్తుల పట్టికలతోపాటు పోగుల లెక్కలను, కాపరి పాలికి ఇచ్చిన జీవముల ఒప్పందములను వెంటనే సేకరింపవలయును; తువ్వాలు బేరము నెరిగిన దలాలులు, లంద నెరిగిన పెద్దలు ముదుసళ్ళగుచున్నారు. ఆ సేకరణము జరిగిననాడు, తెలుగు పల్లె కులమతముల హద్దులచేత విభక్తమై ఉండినను, పంచుకొను సందర్భములచేత ప్రతియేట తిరిగి ఏకమగుచుండెనని నిరూపితమగును. అట్టి సందర్భములను సృష్టించిన ఆచారములన్నింటిలో, వెలకట్టరాని ఒక పాలును పేదవాని హక్కుగా నియమించిన ఖుర్బానీకి అగ్రస్థానము న్యాయముగా చెందును.